భుజం ఎత్తు అర

సంఘం వాళ్లు చేతిలో పెట్టినవి:
ఒక టేపు, నూరు పేజీల పుస్తకం, బస్సులకని నాలుగొందలు.
"మన సరుకుల కొట్టు ఎలా ఉంటే బాగుంటుందో
నాలుగూళ్లు చూసి రా అమ్మాయ్" అన్నారు.
గన్నవరం అక్విడక్టు దాటాక కాలవ గట్టున
మూతపడ్డ ధాన్యం మిల్లు అద్దెకు దొరికింది.
గోడల్లోంచి ఊక వాసన ఇంకా పోలేదు.

మొదట రాజమండ్రి వెళ్లాను.
చల్లటి కొట్లో బెండకాయలకు ప్లాస్టిక్ చొక్కాలు,
అరకో దీపం, దీపానికో కెమెరా.
టేపు తీయబోతే సెక్యూరిటీ కుర్రాడొచ్చి
"కొలవకూడదండి మేడం" అన్నాడు.
మెత్తగానే అన్నాడు. వాడిది ముమ్మిడివరమట.
బస్సులో రాసుకున్నాను:
ఎవరైనా కొలుచుకోగల కొట్టు.

అంబాజీపేటలో కొబ్బరి రాశి ముందు గంటసేపు నిలబడ్డాను.
చేతికి రెండేసి కాయలు, పుంజీకో కేక,
చూస్తుండగానే కొండ లేచింది,
ఒక్క కాయా జారలేదు.
కూరగాయల బల్లకి ఎంత వాలు కావాలో
ఆ కొండ పక్కన మోకాళ్ల మీద కూర్చుని గీసుకున్నాను.

కోటిపల్లి రేవులో పంటు దిగిన గంగరత్నం తట్టలో
పెద్ద చేప అడుగున, పరిగెలు పైన.
అదేంటి తిరగేసి పెట్టావన్నాను.
"పైవి పేదోళ్లు కొనేవండీ,
ఆళ్లు వంగి ఎతుక్కోకూడదండి ఆయ్" అంది ఈగలు తోలుతూ.
అది పుస్తకంలో రాయలేదు. మరిచిపోయే మాట కాదు.

మిల్లు గోడ మీద ఎనభయ్యారు వరద గీత
నా నడుముకి జానెడు పైన.
దాని కింద బియ్యం పెట్టేది లేదు;
చీపుళ్లు, చేటలు, తడిసినా ఏడవనివి పెట్టాలి.

ఇంక నాకు నేనే మురిసిపోయి వేసిన బొమ్మ ఒకటుంది:
దూలాల నుంచి కొబ్బరి తాళ్ల ఉట్లు, ముప్పై దాకా,
ఉట్టిలో ఉల్లి, ఉట్టిలో గుమ్మడి, ఉట్టిలో బెల్లం కుండ.
సభ రోజు రాత్రి ఆ పేజీ తెరిస్తే
ఏసుపాదం గారు చప్పట్లు కొట్టారు.
అచ్చియ్యమ్మ ఒక్కతే చూపు పక్కకి తిప్పుకుంది.
"ఉట్టి అందకుండా కట్టేదే కదమ్మా" అంది.

తర్వాత గడ్డం దాకా చెయ్యెత్తి చూపించింది.
"కొట్టు బల్ల ఇంత ఎత్తుండేది.
మేం మెట్టు కింద. ఆయన పైన.
ఉప్పు కొంగులో పోసేవోడు, చిల్లరా అంతే,
ఏళ్లు తగలకుండా.
వానైతే ఇంటికెళ్లేసరికి సగం ఉప్పే.
ఏ అరలో ఏముందో ఒక్కనాడూ చూళ్లేదు.
వాసన పట్టి చెప్పుకునేవోళ్లం,
ఇటేపు ఇంగువ, అటేపు కిరసనాయిలు."

ట్యూబులైటు చుట్టూ వానపురుగులు.
ఆ కొట్టాయన మనవడూ మాలో సభ్యుడే,
రసీదు నంబరు పదిహేడు.
తన చెప్పుల వంక చూసుకుంటున్నాడు.

నేను లేచి టేపు లాగాను.
"ఓసారి చెయ్యి చాపు పిన్నీ."
నిక్కకుండా, వంగకుండా,
పొరుగింట్లో చేదబొక్కెన అందుకున్నట్టు చాపింది.
కింద, ఆవిడ పాదం పక్కన
టేపు కొస నేలకి ఎవరో ఒకరు నొక్కిపట్టాలి.
పదిహేడో నంబరు వంగాడు.
నాలుగడుగుల ఒక అంగుళం.
ఉట్ల బొమ్మ మీదే అడ్డంగా గీత గీసి
ఆ అంకె వేశాను.

గోడల రంగు ఆ రాత్రి తేలలేదు.
ఏసుపాదం గారు నీలం అంటారు, కుర్రాళ్లు పసుపు.
టీలు తాగి ఎవరి దారిన వాళ్లు వెళ్లాక
తాళం వేస్తుంటే కాలికి తగిలింది,
గుమ్మం ముందు మెట్టు, మూడు రాళ్లది.
దాన్నేం చెయ్యాలో
రేపు మేస్త్రీని అడగాలి.